మచ్చ దాచబోతే మంచు ముత్యాలు

స్వీడన్‌లో మంచు బాగా పడిందంటే పిల్లలు పెరట్లోకి ఉరుకుతారు. మంచును ఉండలు కట్టి, గుండ్రంగా వరస పెట్టి, ఒకదాని మీద ఒకటి పేర్చి గోపురంలా లేపుతారు. లోపల కొవ్వొత్తి వెలిగించి, చివరి ఉండతో పైన మూసేస్తారు. ఇక ప్రతి సందులోంచీ వెలుతురే. కోస్టా బోడా గాజు కార్ఖానాలో పనిచేసే ఆన్ వెర్ఫ్ 1973లో ఆ ఉండనే గాజులో పోయించారు. పేరు కూడా అదే, స్నోబోల్. దళసరి గాజు ముద్ద, ఒళ్లంతా ఎగుడుదిగుళ్లు, నడుమ కొవ్వొత్తికి గుంట. నగిషీ లేదు, బంగారు పూత లేదు. యాభై ఏళ్లు దాటినా ఇంకా అమ్ముడుపోతూనే ఉంది.

ఎందుకు అమ్ముడుపోతుందో అర్థం కావాలంటే ఆ ఉత్తరాది దేశాల చీకటి గురించి తెలియాలి. డిసెంబరు చివర్లో, పొరుగున ఫిన్లాండ్‌లోని హెల్సింకిలో పగలు ఆరు గంటలైనా ఉండదు. ఆ దేశపు ఉత్తర కొసన ఉట్స్‌యోకిలో సూర్యుడు ఏడు వారాలకు పైగా మొహం చాటేస్తాడు. డిసెంబరు 6, ఆ దేశ స్వాతంత్ర్య దినం నాడు, సాయంత్రం కిటికీలో రెండు కొవ్వొత్తులు వెలిగించడం అక్కడి ఆనవాయితీ. కిటికీలో పెట్టే దీపం ఇంట్లోవాళ్లకెంతో, వీధిన పోయేవాళ్లకూ అంతే. అలాంటి చోట కొవ్వొత్తి స్టాండు అద్దాల బీరువాలో దాచుకునే వస్తువు కాలేదు.

స్నోబోల్ చేసిన కోస్టా బోడాకు మూలమైన కోస్టా కార్ఖానా స్వీడన్‌లో 1742లో మొదలైంది. పెట్టినవాళ్లు కోస్కుల్, స్టాల్ ఫోన్ హోల్‌స్టైన్ అనే ఇద్దరు మాజీ సైనికాధికారులు. ఇద్దరి పేర్లలోని మొదటి ముక్కలు కలిపి ఊరికి పెట్టేశారు. గాజు ఊదేవాళ్లు మాత్రం బొహీమియా నుంచి రావలసి వచ్చింది. ఆ ప్రాంతం స్మోలాండ్. రాళ్ల నేల, అంతంతమాత్రం పంట. కానీ అడవికి కొదవ లేదు, కొలిమికి కావలసింది కట్టెలే. కొలిమి రాత్రి కూడా ఆరేది కాదు. గడ్డకట్టే చలిలో ఊళ్లోవాళ్లూ, దారినపోయే దేశదిమ్మరులూ ఆ వెచ్చదనానికి అక్కడ చేరేవాళ్లు. ఉప్పులో ఊరిన హెర్రింగ్ చేపలూ, బంగాళాదుంపలూ ఆ సెగ మీదే ఉడికేవి. కబుర్లు సరేసరి. ‘హిట్‌సిల్’ అనే ఆ కొలిమి విందును ఇప్పుడు పర్యాటకులకు డబ్బులకు వడ్డిస్తున్నారనుకోండి, అది వేరే సంగతి.

అన్నట్టు, హైదరాబాద్ ఐకియాలో తల్లిదండ్రులు పిల్లల్ని వదిలి షాపింగ్‌కు వెళ్లే ఆటస్థలం ‘స్మోలాండ్’ది ఈ ప్రాంతం పేరే. ఆ కంపెనీ పుట్టింది కూడా అక్కడే, 1943లో.

అందమైన వస్తువు అందరికీ అందాలన్న పట్టుదల మాత్రం ఐకియాకంటే పాతది. ఎల్లెన్ కేయ్ అనే రచయిత్రి 1899లోనే ‘అందరికీ అందం’ అంటూ పుస్తకం రాశారు. ఆ గాలి సోకిన కార్ఖానాలు చిత్రకారుల్ని కొలిమి దగ్గరికి రప్పించాయి. ఒర్రెఫోర్స్ కార్ఖానాకు 1916లో సీమోన్ గాటె, ఆ మరుసటేడు ఎడ్వర్డ్ హాల్డ్ వచ్చారు. ఇద్దరికీ గాజు కొత్త. వాళ్ల చెక్కుడు పూలకూజాలు 1925 పారిస్ ప్రదర్శనలో పేరు తెచ్చాయి. నన్నడిగితే అవింకా సంపన్నుల సరుకే. అసలు రుచి ఫిన్లాండ్‌లో ఉంది.

యుద్ధంలో చితికిపోయిన దేశం. సోవియట్లకు నష్టపరిహారం కట్టాలి, ఇంట్లో సరుకు లేదు. అలాంటి రోజుల్లో, 1946లో, ఇట్టాలా కార్ఖానా డిజైన్ పోటీ పెట్టింది. అందులో తేలినవాడు టాపియో విర్కలా. ఐదేళ్లకే మిలాన్ ప్రదర్శనలో బహుమతులు గెలిచాడు. ఆ తరంలోనే టిమో సర్పనేవా ఒక చిలిపి పని చేశాడు. చెక్క అచ్చులో గాజు ఊదడానికి ముందు ఆ అచ్చును నీళ్లలో బాగా నానబెట్టడం రివాజు. వేడికి పుట్టిన ఆవిరి పల్చటి పొరలా అడ్డుండి చెక్కను కాపాడుతుంది, గాజు నున్నగా వస్తుంది. 1964 ఫిన్లాండియా వరసకు ఆయన చెక్కను కాలనిచ్చాడు! వేయి డిగ్రీలకు పైబడ్డ గాజు తగలగానే అచ్చు లోపలంతా బొగ్గయి పగుళ్లు తేలింది, ఆ పగుళ్లు గాజు మీదికి బెరడులా దిగాయి. ఊదిన ప్రతిసారీ అచ్చు ఇంకాస్త కాలుతుంది కాబట్టి ఏ రెండూ ఒకలా రావు. ఉంగరాలు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టుండే ఆయన ఫెస్టీవో కొవ్వొత్తి స్టాండుదీ అదే గరుకు ఒళ్లు. దగ్గర నుంచి చూస్తే చూరుకు గడ్డకట్టిన నీటిధారలా ఉంటుంది.

ఓయివా టొయిక్కాది ఇంకో చిక్కు. కరిగిన గాజును ఇనుప అచ్చులో పోసి ఒత్తితే పని చవక. కానీ అచ్చు ముక్కలు కలిసిన చోట గీత పడుతుంది, ఎంత జాగ్రత్తపడ్డా. 1964లో నూటయార్వి కార్ఖానాలో ఆయన ఆ గీతను చెరపడం మానేసి, వలయాలు వలయాలుగా చుక్కలు పొదిగి వాటి మధ్య దాన్ని కలిపేశాడు. కాస్తెహెల్మి, అంటే మంచు ముత్యం, అలా పుట్టింది. ముందు వచ్చినవి పళ్లేలు. కొవ్వొత్తి గిన్నె చాలా ఏళ్ల తర్వాత వచ్చింది. అందులో ఒత్తి వెలిగిస్తే ఒక్కో చుక్కలో ఒక్కో మంట. గీత ఎక్కడుందో వెతికినా దొరకదు.

1988లో హెయిక్కి ఓర్వోలా చేసిన కీవి అనే కొవ్వొత్తి గిన్నెకు ఈ హంగు కూడా లేదు. మందపాటి గోడ, రంగు, అంతే. రంగు మార్చినప్పుడల్లా జనం మళ్లీ కొంటారు. వ్యాపారులు ఆ కిటుకు బాగా పట్టారు.

ఒర్రెఫోర్స్ కొలిమి 2013లో ఆరింది. 1793 నాటి నూటయార్వి ఆ మరుసటేడు మూతబడింది. కోస్టా ఇంకా నడుస్తోంది. ఆన్ వెర్ఫ్ మాత్రం 1978లోనే అక్కడి ఉద్యోగం మానేసి, దగ్గరలోని ట్రాన్‌షోలో సొంత కొలిమి పెట్టుకున్నారు. తర్వాత ఆన్ వోల్ఫ్ పేరుతో పోత గాజు శిల్పాలవైపు మళ్లారు. అవి మ్యూజియంలకు చేరాయి. మంచు ఉండేమో సూపర్ మార్కెట్ కొవ్వొత్తులు పెట్టుకునేవాళ్ల దగ్గరే ఉండిపోయింది.