కాలువ గట్టు మీది చదును బాట

సముద్రతీరాన చదునైన దారిపై సైకిలు తొక్కే సుఖాన్ని, సముద్రానికి ఎంతో దూరంలో ఉన్న బోధన్ ప్రాంతానికి నిజాంసాగర్ కాలువ గట్టు అందించింది. మంజీరా నదిపై 1923లో మొదలై, ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఆధ్వర్యంలో 1931లో పూర్తయిన ఈ ప్రాజెక్టు నుంచి నీరు కేవలం భూమి వాలు ఆధారంగానే పొలాలకు చేరాలి కాబట్టి, ప్రధాన కాలువను సమోన్నత రేఖను, అంటే ఒకే ఎత్తులో ఉన్న ప్రదేశాలను కలిపే ఊహారేఖను, దాదాపుగా అనుసరిస్తూ, కంటికి కనిపించనంత స్వల్పమైన వాలుతో తవ్వారు. నీటికి అవసరమైన ఆ సమతలమే గట్టు మీది బాటకూ దక్కింది. తూముల, అంటే పొలాలకు నీరు వదిలే ద్వారాల, బాగోగులు చూసే లష్కరుకూ, పొలానికి వెళ్లే రైతుకూ ఎత్తుపల్లాల శ్రమ తప్పింది.

ఏడాది పొడవునా తడి కోరే చెరకు ఈ నీటితోనే విస్తరించగా, 1937లో స్థాపితమైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ చుట్టూ బోధన్‌లో శక్కర్‌నగర్ వెలసింది. నరికిన చెరకులో చక్కెర శాతం త్వరగా తగ్గుతుంది, దాన్ని వెంటనే ఫ్యాక్టరీకి చేర్చాలి కనుక, పంటకు నీరెంత ముఖ్యమో దారీ అంతే ముఖ్యమైంది. 2015లో ఫ్యాక్టరీ మూతపడినా, ఒక పక్క నీరు, మరో పక్క పచ్చని పొలం ఉన్న ఆ గట్టు బాట నాటి ఇంజనీర్ల నైపుణ్యానికి సజీవ సాక్ష్యం. దానిని కాపాడుకోవడం ఈ ప్రాంత చరిత్రను కాపాడుకోవడమే.