కంభముచెరువును ఇంజనీరింగువిద్యయు

మార్కాపురము, గిద్దలూరుల నడుమ కంభముచెరువు గలదు. గుండ్లకమ్మ రెండు కొండల మధ్య సాగుచోట కట్ట వేయించినది విజయనగర రాజవంశజయగు వరదరాజమ్మ యని ప్రతీతి. ఒక స్త్రీ పేర నిలిచిన నీటితో పంటలు పండించుకొనిన మనమే, కట్టడపువిద్య పురుషులకే తగునని పెక్కుతరములు నమ్మితిమి!

మద్రాసులో 1794లో భూమికొలత పాఠశాలగా పుట్టి, పిదప గిండీ ఇంజనీరింగు కళాశాలయైన విద్యాలయము 1940 వఱకు స్త్రీలను చేర్చుకొనలేదు. ఆ యేట ప్రవేశించినవారిలో తెలుగింటి యాడపడుచు అయ్యలసోమయాజుల లలితగారొకరు. పదునెనిమిదేండ్లకే భర్తను గోల్పోయి, చంటిబిడ్డతో మిగిలిన యామె విద్యుచ్ఛాస్త్రమున పట్టము వడసిరి.

ఆ గిండీలోనే 1946లో నారంభమైన వేఱొక కళాశాల 1948లో అనంతపురము చేరి, 1972లో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయమున అంగమయ్యెను. రాయలసీమకు దక్కిన తొలి ఇంజనీరింగు కళాశాల యదియే. 1970 వఱకు కర్నూలు జిల్లాలో నుండిన మన తాలూకాలకును అదియే.

నేడు కళాశాలల తలుపులు తెఱచియున్నవి. తెఱువవలసినవి మన యింటి తలుపులు. కూఁతురి పెండ్లికై కూడఁబెట్టిన సొమ్మును మొదట ఆమె చదువునకు వెచ్చింపుఁడు. చెఱువుకట్టకు గండిపడిన ఊరెల్ల పరుగెత్తుదుము. చదువునకు పడిన గండిని పూడ్పవలదా?