హజర్ కొండల్లో కంపెనీ ఫిరంగులు

దుబాయి అనగానే మనవాళ్ళకి గుర్తొచ్చేవి ఆకాశాన్నంటే మేడలు, మాల్స్, డేరాలో బంగారం దుకాణాలు, ఇసుక. కొండలు ఎవరికీ గుర్తు రావు. ఉత్తరాన ముసందం నుంచి దక్షిణాన ఒమాన్ దాకా సాగే హజర్ పర్వతాలు మనకి గంటన్నర దూరంలోనే ఉన్నాయి. అరబ్బీలో హజర్ అంటే రాయి. పేరుకు తగ్గట్టే చెట్టూ చేమా తక్కువ, రాయి ఎక్కువ.

నాలుగు రోజులు సెలవులు కలిసొస్తే ఇక్కడి మనవాళ్ళు చాలామంది విమానమెక్కి బాల్కన్ కొండలకు వెళ్తున్నారు. అల్బేనియా, మాంటెనీగ్రో, బోస్నియా. రాతి కోటలు, పాత మసీదులు, మోస్తార్ వంతెన ముందు ఫొటో. ఆ వంతెన ఒట్టోమన్లు 1566లో కట్టింది. 1993 నవంబరులో యుద్ధంలో కూలింది, 2004లో మళ్ళీ లేచింది. ఎవరు కట్టారు, ఎవరు కూల్చారు, ఎందుకు కూల్చారు అని మనవాళ్ళు గైడుని గుచ్చి గుచ్చి అడుగుతారు. మంచిదే. అదే ప్రశ్న మన పక్కనున్న ధాయా కోట దగ్గర అడిగితే వచ్చే సమాధానం మాత్రం మనల్ని కాస్త ఇబ్బంది పెడుతుంది. ఆ కోట మీద ఫిరంగులు పేల్చిన సైన్యం బొంబాయి నుంచి వచ్చింది.

ముందు స్నేహం సంగతి చెప్పి, తరువాత యుద్ధం సంగతికి వస్తాను. హజర్ కొండల్లో రాగి దొరికేది. నాలుగు వేల ఏళ్ళకు పూర్వం మెసొపొటేమియా మట్టి పలకల మీద ‘మగన్’ దేశపు రాగి ప్రస్తావన ఉంది. ఆ మగన్ ఈ ప్రాంతమేనని చరిత్రకారుల అభిప్రాయం. ఆ పలకల్లోనే కనిపించే ‘మెలుహ్హ’ మన సింధు నాగరికత అని చాలామంది ఒప్పుకుంటారు. ఈ దేశంలో తవ్విన ఆనాటి సమాధుల్లో సింధు లోయ నుంచి వచ్చిన ఎర్ర పూసలు దొరికాయి. రసల్‌ఖైమా పట్టణం దాటాక కొండ పాదాన షిమాల్ అనే ఊరుంది. అక్కడ అలాంటి పాత సమాధులు కనిపిస్తాయి. పైన గుట్ట మీద జనం ‘షీబా రాణి కోట’ అని పిలుచుకునే శిథిలం ఉంది. షీబా రాణికీ దానికీ సంబంధమేమీ లేదు. అది జుల్ఫార్ పాలకులు మధ్యయుగంలో కట్టుకున్న కోట. మన ఊళ్ళలో ఏ పాత బండ చూపించినా భీముడు విసిరాడనో, సీతమ్మ కూర్చుందనో అంటారు కదా, ఇదీ అంతే.

అక్కడి నుంచి జెబెల్ జైస్ మీదికి వెళ్ళే కొత్త రోడ్డు ఎక్కితే అందరూ జిప్‌లైన్ కోసం పరుగెడతారు. 2018లో మొదలైంది, పొడవు దాదాపు 2.8 కిలోమీటర్లు. పిల్లలున్నవాళ్ళకి తప్పదు. కానీ ఈ కొండవాళ్ళ పాత ఇళ్ళు కూడా చూడదగ్గవే. వాటిని ‘బైత్ అల్ ఖుఫ్ల్’, అంటే తాళపు ఇల్లు అంటారు. నేల మట్టం కంటే లోతుగా తవ్వి, చుట్టూ పెద్ద పెద్ద రాళ్ళు పేర్చి కడతారు. ధాన్యం, ఖర్జూరం దాచుకునే మట్టి బానలు ముందే లోపల పెట్టి, తరువాత గోడలు లేపేవారు. బాన గుమ్మం కంటే పెద్దది కాబట్టి ఎవడూ ఎత్తుకుపోలేడు. చలికాలం కొండ మీద వానకు పండిన గోధుమ, బార్లీ దాచుకుని, ఎండాకాలం తాళం వేసి సముద్రం ఒడ్డుకు దిగిపోయేవారు. మన పల్లెల్లో పాతర్లు చూసినవాళ్ళకి ఈ ఇల్లు వింతగా అనిపించదు.

ఇక ధాయా. రామ్స్ ఊరి పక్కన, ఒకవైపు సముద్రపు పాయ, మరోవైపు నిట్టనిలువు కొండలు, మధ్యలో ఖర్జూర తోటలు. తోటల నడుమ ఒంటరి గుట్ట, దాని నెత్తిన చిన్న మట్టికోట. ఇప్పుడు రెండు వందలకు పైగా మెట్లున్నాయి, పావుగంటలో ఎక్కవచ్చు.

1819 డిసెంబరులో ఇది ఎక్కడం అంత తేలిక కాదు. ఆ ఏడాది ఈస్టిండియా కంపెనీ బొంబాయి ప్రభుత్వం జనరల్ విలియం కియర్ గ్రాంట్ నాయకత్వంలో సుమారు మూడు వేల మంది సైన్యాన్ని ఓడల్లో పంపింది. తెల్ల రెజిమెంట్లతో పాటు బొంబాయి నేటివ్ ఇన్‌ఫెంట్రీ సిపాయిలు కూడా వచ్చారు. అంతకు ముందు ఏడాదే మరాఠాల మీద చివరి యుద్ధం ముగిసింది కాబట్టి కంపెనీకి సైన్యం చేతినిండా ఉంది. డిసెంబరు 9న రసల్‌ఖైమా పట్టణం పడిపోయింది. తరువాత రామ్స్ మీదికొచ్చారు. రామ్స్ జనం, షేక్ హుస్సేన్ బిన్ అలీతో పాటు ధాయా గుట్ట ఎక్కారు. పైన నీళ్ళు లేవు, నీడ లేదు. మూడు రోజులు నిలబడ్డారు.

మామూలు ఫిరంగులకు ఆ గోడలు లొంగలేదు. ‘లివర్‌పూల్’ అనే యుద్ధనౌక నుంచి రెండు పెద్ద ఫిరంగులు దింపి, బురద పాయలో మూడు మైళ్ళు ఈడ్చుకొచ్చి గుట్ట ముందు నిలిపారు. డిసెంబరు 22 ఉదయం రెండు గంటలు పేల్చేసరికి గోడలు బద్దలయ్యాయి, పైవాళ్ళు తెల్ల జెండా ఎత్తారు. కిందికి దిగినవాళ్ళలో మగవాళ్ళు నాలుగు వందల మందికి దగ్గర, ఆడవాళ్ళూ పిల్లలూ మరో నాలుగు వందలు. ఆ మగవాళ్ళలో కూడా పోరాడినవాళ్ళు సగం కంటే తక్కువ. మిగతావాళ్ళు ఖర్జూర రైతులు, మేకలు కాచుకునేవాళ్ళు.

ఎందుకీ దండయాత్ర? కంపెనీ చెప్పిన కారణం సముద్రపు దొంగతనం. రసల్‌ఖైమా, షార్జాలను ఏలిన ఖవాసిం తెగవాళ్ళు ఓడలను దోచుకుంటున్నారని 1809లో ఒకసారి వచ్చి ఓడలు తగలబెట్టారు, 1819లో మళ్ళీ వచ్చారు. ఇంగ్లీషు పటాల్లో ఈ తీరం పేరే ‘దొంగల తీరం’. ఓడల మీద దాడులు జరిగిన మాట నిజమే. కానీ దాన్ని దొంగతనం అనాలా, వ్యాపారపు పోటీలో యుద్ధం అనాలా అన్నదే తగాదా. ఖవాసిం వంశంలోనే పుట్టిన షార్జా పాలకుడు డాక్టర్ షేక్ సుల్తాన్ అల్ ఖాసిమి, బొంబాయి దస్తావేజులు తిరగేసి, ఈ దొంగతనం కథ కంపెనీ తన వ్యాపారం కోసం పెంచి చెప్పిందని వాదిస్తూ 1986లో పుస్తకం రాశారు. ఆ వాదనను ఒప్పుకోని చరిత్రకారులూ ఉన్నారు.

ఈ తగాదా తెలుగువాళ్ళకు కొత్తది కాదు. 1847లో కోయిలకుంట్లలో ఉరితీసిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి మీద కంపెనీ మోపిన నేరాల్లో తిరుగుబాటుతో పాటు హత్య, దోపిడీ కూడా ఉన్నాయి. కంపెనీ కాగితంలో దోపిడీదారు, సీమ పాటల్లో వీరుడు. రెండు కథల మధ్య ఎక్కడ నిలబడాలో మనకి మన ఊళ్ళో తెలుసు. ధాయా మెట్ల మీద కూడా అదే ఆలోచన రావాలని నా కోరిక.

1820లో షేక్‌లందరి చేత సంధి మీద సంతకాలు చేయించారు. అక్కడి నుంచి నూటయాభై ఏళ్ళు ఈ తీరం ఇంగ్లీషువాళ్ళ నీడలో ఉంది. గల్ఫ్ వ్యవహారాలు చూసే ఇంగ్లీషు రెసిడెంటు 1873 దాకా బొంబాయికి, ఆ తరువాత 1947 దాకా భారత ప్రభుత్వానికి జవాబు చెప్పుకునేవాడు. ఇక్కడ చెలామణీలో ఉన్నది మన రూపాయి. 1959లో రిజర్వు బ్యాంకు గల్ఫ్ కోసం వేరే రూపాయి నోట్లు అచ్చువేసింది. 1966లో మన రూపాయి విలువ తగ్గించాక ఆ వాడకం ఆగిపోయింది. ‘మనం నిన్నగాక మొన్న వచ్చినవాళ్ళం’ అనుకునే తెలుగువాళ్ళకి ఇది చెప్పి చూడండి, ఆశ్చర్యపోతారు.

కొండ దాటి తూర్పు తీరానికి వెళ్తే ఫుజైరా కోట. ఇప్పుడు చక్కగా బాగుచేసి ఉంచారు. 1925లో బానిసల వ్యాపారం ఆరోపణ మీద ‘లారెన్స్’ అనే ఓడ దీని మీద గుళ్ళు కురిపించి మూడు బురుజులు కూల్చింది. ఆ ఓడ రాయల్ ఇండియన్ మెరైన్ వాళ్ళది. అంటే మళ్ళీ మన వైపు నుంచి వచ్చిందే. అదే తీరాన ఖోర్‌ఫక్కాన్‌ను 1507లో తగలబెట్టిన పోర్చుగీసు అల్బుకర్క్, మూడేళ్ళకి గోవా పట్టుకున్నాడు. ఇక్కడ దెబ్బ తిన్నవాళ్ళూ అక్కడ దెబ్బ తిన్నవాళ్ళూ ఒకే మనిషి చేతిలో తిన్నారు.

దగ్గర్లోనే అల్ బిదియా మసీదు. పదిహేనో శతాబ్దం నాటిది, ఈ దేశంలో నేటికీ నమాజు జరిగే పాత మసీదుల్లో మొదట చెప్పుకునేది. మట్టి, రాయి, నాలుగు గుండ్రటి కప్పులు, వాటన్నిటినీ మోసే స్తంభం మధ్యలో ఒకటే. పట్టుమని అరవై మంది పట్టరు. తిరుగు ప్రయాణంలో హత్తా తగులుతుంది. పాత ఊరు, 1780 నాటి జుమా మసీదు, రెండు కావలి బురుజులు, ఆనకట్ట, పడవలు. హత్తా గురించి అందరికీ తెలుసు కాబట్టి ఎక్కువ చెప్పను.

నవంబరు నుంచి మార్చి దాకా ఎప్పుడైనా వెళ్ళవచ్చు. పొద్దున్నే బయల్దేరండి, నీళ్ళు ఎక్కువ పట్టుకెళ్ళండి. బొంబాయి సిపాయిలు జీతానికి తుపాకీ పట్టారు. ఎవరి మీద పేలుస్తున్నారో, ఎందుకో వాళ్ళని ఎవరూ అడిగి ఉండరు. మనమూ జీతానికే వచ్చాం, కరీంనగర్, నిజామాబాద్ నుంచి వచ్చి రోడ్లు వేసినవాళ్ళతో సహా. మనకున్న వెసులుబాటు ఒక్కటే, శుక్రవారమో ఆదివారమో తీరిగ్గా గుట్టెక్కి తెలుసుకోగలం. ధాయా పైకెక్కాక పిల్లల్ని సముద్రం వైపు తిప్పి నిలబెట్టండి. ఖర్జూర తోటల అవతల మెరిసే నీటి పాయ చూపించి, ఫిరంగుల్ని ఆ దారినే ఈడ్చుకొచ్చారని, పంపింది బొంబాయి నుంచని చెప్పండి. అడిగిన ప్రశ్నలన్నిటికీ మీకు సమాధానాలు రాకపోవచ్చు. ఫరవాలేదు, వాళ్ళు అడగడం ముఖ్యం.