పాత వాల్వు, కొత్త ట్రాన్సీవరు

పొన్నూరు, తెనాలి ప్రాంతములలో వాల్వు రేడియో నెఱుగని పెద్దలు అరుదు. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడలో ఆకాశవాణి కేంద్రము వెలసిన పిమ్మట, మీట త్రిప్పి, వాల్వులు వేడెక్కి పలుకు వినవచ్చువఱకు ఇంటిల్లిపాదియు చెవియొగ్గి కూర్చుండెడివారు. ఆ వాల్వులకు మూలము 1906లో లీ డీ ఫారెస్టు నిర్మించిన గాజు నాళము. 1947లో బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టరు పుట్టినది. క్రమముగా శ్రోతల పెట్టెలనుండి వాల్వులు తొలగినవి. కొందఱు హామ్ రేడియోవారి యొద్ద మాత్రము, ప్రసారశక్తిని హెచ్చించు యాంప్లిఫయరులలో, అవి నేటికిని వెలుగుచున్నవి.

హామ్‌లనగా ప్రభుత్వ పరీక్షలో నెగ్గి, లాభాపేక్ష లేక స్వంత యంత్రముతో సంభాషించువారు. 1977 నవంబరు 19నాటి దివిసీమ ఉప్పెనను చూచిన మన తీరమునకు వీరి విలువను వేఱుగా చెప్పనక్కఱలేదు. 2004 డిసెంబరులో సునామీ వచ్చినపుడు, హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో పక్షమున పోర్టుబ్లెయిరు వెళ్లియున్న శ్రీమతి భారతీప్రసాదు అచ్చటినుండి క్షేమవార్తలను చేరవేసిరి.

ఇక యంత్రముల విషయము. 1970లో అమెరికాలో వెలువడిన హీత్‌కిట్ ఎస్.బి.-220లో రెండు పెద్ద వాల్వులు; వానికి సుమారు 3,000 వోల్టులు. ఆపిన పిదపను కెపాసిటర్లలో ప్రాణాంతకమైన విద్యుత్తు నిలిచియుండగలదు. తొందరపడి మూత తెఱవరాదు. దీనిని పనిలో పెట్టు రిలే తీగపై నూరు వోల్టులకు పైగా ఉండును. నాటి ట్రాన్సీవరులో ఆ తీగను కలుపునది లోహపు రిలేయే గనుక చింత లేదు. నేడు ఆ పని చేయునది చిన్న ట్రాన్సిస్టరు. తిన్నగా తగిలించినచో మాడిపోవును. నడుమ వేఱొక చిన్న రిలేనైనను అమర్చక తప్పదు. మఱియొక చిక్కు వేగము. పాత రిలే మందగామి. అది మూసుకొనక మునుపే కొత్త యంత్రము శక్తిని పంపినచో దాని మొనలు కాలును. ట్రాన్సీవరులో కొంచెము జాప్యమును నిర్ణయించుకొనవలెను.

ఇంతకును ఉప్పెన వేళ దీని చోటెక్కడ? బాపట్ల, రేపల్లె తీరమున గాలి రేగినపుడు ముందుగా పోవునది కరెంటు. నూరు వాట్ల ట్రాన్సీవరు కారు బ్యాటరీపైననే పలుకును. పాత వాల్వు యాంప్లిఫయరుకు ఇంటి కరెంటు లేనిదే ప్రాణము లేదు. కావున గాలివాన తాకని దూరపు ఊరిలో, వార్తలందుకొని బదులు చెప్పువారి యొద్ద అది యుండుట మేలని మేము తలంతుము. ఉఱుముల రొదలో చిన్న యంత్రము ముందు కూర్చున్నవారికి వినబడవలసినది ఆ బదులే.