పెండ్లి పటం: పూర్వపు ఏర్పాట్లు

అమీర్‌పేటకు, యూసుఫ్‌గూడకు నడుమ ఉన్న మధురానగర్ వంటి పేటలలో పెండ్లి కుదిరినదంటే, ముహూర్తం పెట్టించిన వెంటనే ముందు ఫంక్షన్ హాలును, తరువాత వంటవారిని, ఆ తరువాత ఫొటోగ్రాఫరును మాట్లాడుకోవడం ఈనాటి పద్ధతి. ఈ మూడవ ఏర్పాటు విషయంలో మాత్రం “ఆయన వచ్చి తీస్తాడులే” అన్న ధీమా తరచు కనిపిస్తుంది. ఈ ధీమా క్రొత్తది. ఈ నగరంలోనే ఒకప్పుడు ముందుగా ఏర్పాటు చేసుకొననిదే ఒక్క పటం కూడా వచ్చేది కాదు. ఆ ఏర్పాట్ల చరిత్రను శ్రోతలకు కొంత వివరించదలచినాము.

ఫొటోగ్రఫీ సంగతి లోకానికి వెల్లడి అయినది 1839లో. మరుసటి సంవత్సరం ఫిబ్రవరిలో విక్టోరియా రాణికి పెండ్లి జరిగినది గాని దానికి ఛాయాచిత్రం లేదు. రోజర్ ఫెంటన్ 1854లో తీసిన ఒక చిత్రాన్ని ఆమె పెండ్లి పటమని చూపడం కద్దు. అప్పటికి పెండ్లి అయి పద్నాలుగేండ్లు గడచినవి! అంతటి సామ్రాజ్ఞికి సైతం ఆనాడు పెండ్లి పీటల మీద పటం దిగే యోగం లేకపోయినది.

మన నగరానికి వస్తే, ఈ విద్యకు పెద్దదిక్కు లాలా దీన్‌దయాళ్. 1844లో ఉత్తరాదిని సర్ధనాలో జన్మించి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందూరులో ఉద్యోగం చేస్తూ కెమెరా పట్టినారు. 1880లలో ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో ఆస్థాన ఛాయాచిత్రకారులై సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పినారు. నిజాం ప్రభువు ఆయనకు ‘రాజా’ బిరుదమిచ్చి గౌరవించినారు. విందులు, వేటలు, కోటలు, సైనిక విన్యాసాలు ఆయన తీసినవి ప్రసిద్ధమే. మా దృష్టిలో వాటన్నిటికంటె విశేషమైనది 1892లో హైదరాబాదులో ఆయన ప్రారంభించిన జనానా స్టూడియో.

ఘోషా పాటించే స్త్రీలు పరపురుషుని కంట పడరాదు. ఫొటోగ్రాఫరు కూడా పరపురుషుడే కదా. అందుచేత సంపన్న కుటుంబాలలో సైతం తాతల పటాలు ఉండేవి, అవ్వల పటాలు ఉండేవి కావు. దీన్‌దయాళ్ ఈ చిక్కును యంత్రంతో కాక ఏర్పాటుతో విడదీసినారు. చుట్టూ ఎత్తయిన గోడలు కట్టించి, లోపల పనివారందరినీ స్త్రీలనే నియమించి, కెన్నీ-లెవిక్ అనే ఆంగ్ల మహిళకు దాని పెత్తనం అప్పగించినారు. కెమెరా అదే, పలకలు అవే. ఎవరు పటంలోకి రాగలరన్నది గోడ కట్టిననాడే నిర్ణయమైనది.

ఆ కాలపు స్టూడియో అంటే సూర్యుని మీద ఆధారపడినది. పైకప్పులో అద్దాలు, వెలుతురును అదుపులో ఉంచడానికి తెరలు. తల కదలకుండా మెడ వెనుక ఇనుప ఊత. పాత పటాలలో పెద్దలు బిగుసుకొని కూర్చున్నారని మనం నవ్వుకుంటాము గాని, కదిలితే ముఖం చెదిరిపోయేది మరి. అందుచేత వధూవరులను పెండ్లికి ముందో వెనుకనో మంచి ఎండవేళ స్టూడియోకు తీసుకొని వెళ్ళవలసి ఉండేది.

రంగుల సంగతి మరీ చిత్రమైనది. తొలినాటి పలకలకు నీలిరంగు వెలుతురు మాత్రమే బాగా సోకేది. ఎరుపు అసలు సోకేది కాదు. కుంకుమబొట్టు నల్లని చుక్కగా, ఎర్రంచు మధుపర్కాలు నల్లంచు బట్టలుగా, నీలం పట్టుచీర తెల్లచీరగా పటంలో పడేవి. పసుపు కూడా ముదురుగా పడుతుంది. అనగా శుభమని ముఖానికి దట్టంగా పసుపు రాసిన పెండ్లికూతురు పటంలో చామనఛాయకు మారిపోయే ప్రమాదం ఉన్నదన్నమాట! అన్ని రంగులనూ గ్రహించే పాన్‌క్రోమాటిక్ పలకలు 1906లో లండనులో అమ్మకానికి వచ్చినవి. అయినా స్టూడియోలవారు వాటిని చాలాకాలం ఇష్టపడలేదు. పాత పలకలను ఎర్రదీపం వెలుతురులో కంటితో చూస్తూ కడుగవచ్చు; క్రొత్తవాటిని కటిక చీకటిలో కడుగవలె. కాబట్టి తెలిసిన ఫొటోగ్రాఫరు ఏ రంగు చీర ఎట్లా పడుతుందో పెండ్లివారికి ముందే చెప్పవలసి వచ్చేది.

ఇక మన లగ్నాలలో చాలా భాగం రాత్రివేళవి. జీలకర్ర బెల్లం తలపై ఉంచే క్షణమే అసలు సుముహూర్తం. తెర తొలగుతుంది, వధూవరులు ఒకరినొకరు చూచుకొంటారు. అది రెండవసారి రాదు. సూర్యుడు లేని ఆ వేళ కోసం 1887లో జర్మనీలో మెగ్నీషియం పొడి మెరుపు పుట్టినది. ఒక్కసారి భగ్గుమన్నదంటే గది పొగతో నిండిపోయేది గనుక రెండవ పటం ఆశ వదులుకోవలసిందే. హైదరాబాదులో హుస్సేన్‌సాగరు ఒడ్డున విద్యుత్కేంద్రం 1920లో వెలసినది. 1929 తరువాత గాజు ఫ్లాష్ బల్బులు వచ్చినవి. అవి ఒక్కొక్కటి ఒక్క మెరుపుతో సరి.

ఇంటింటి పెండ్లిలోకి కెమెరా వచ్చినది రీలు ఫిల్ముతో. ‘నూట ఇరవై’ రీలుకు చదరపు పటాలు పన్నెండు మాత్రమే. ఫిల్ము ఖరీదైనది, దొరకడమూ కష్టమే. పన్నెండింటిని కన్యాదానానికి, జీలకర్ర బెల్లానికి, మాంగల్యధారణకు, తలంబ్రాలకు, సప్తపదికి, అప్పగింతలకు పంచుకోవలె. అందువలన ఫొటోగ్రాఫరు పురోహితుని ప్రక్కన చేరి క్రమం అడిగి తెలుసుకొనేవాడు. మేనమామ ఒకరు వెంట నిలిచి, “వీరు మా పెద్దత్తయ్య, వీరిని తీయవలె” అని చూపించేవారు. అట్టి మనిషిని ఒకరిని ముందే నియమించడం ఈనాటికీ అన్నిటికంటె ఉపయోగపడే ఏర్పాటు.

ఆ మేనమామ కూడా చూపించనివారు ఒకరుండేవారు. భర్త పోయిన స్త్రీలు శుభకార్యంలో ఎదురు రారాదన్న ఆచారం వలన వారు వెనుక గదులలోనే ఉండిపోయేవారు. పెండ్లికి అప్పడాలు ఒత్తినది వారే, సారె సర్దినది వారే. ఆల్బములో మాత్రం వారు లేరు. పేదకుటుంబాలలో పెండ్లికి తప్ప కెమెరా ఇంటికి రాదు గనుక, పెండ్లి పటంలో లేని అమ్మమ్మకు లోకంలో మరొక పటం లేనే లేదు. ఘోషా గోడలకు 1892లోనే ఉపాయం దొరికినది. ఈ గోడకు మాత్రం ఉపాయం చాలా ఇండ్లలో చాలా ఆలస్యంగా దొరికినది.

నేడు కెమెరాకు లెక్కలేదు, పటాలు వేలల్లో పడుతున్నవి. అయినా వెలుతురు నియమం మారలేదు. ఎర్రని షామియానా క్రింద ముఖాలన్నీ ఎర్రబారుతవి; వేదిక మీది రంగురంగుల దీపాలదీ అదే తీరు. ముహూర్తపు వేళకే ఒకనాడు హాలుకు వెళ్ళి దీపాలు వేయించి చూచుకొనడం మంచిది. తెరకు ఏ ప్రక్కన నిలువవలెనో, హోమధూమం ఎటు వీస్తుందో ఆ రోజే తెలుస్తుంది. అర్ధరాత్రి లగ్నమైతే ముసలివారు అంతవరకు కూర్చోలేరు. వారి పటం సాయంకాలమే, భోజనాలకు ముందే తీయించవలె. ఆనాడు వెనుక గదిలో ఎవరు కూర్చున్నారో ఒకమారు వెళ్ళి చూడవలె.

తీసినదానిని నిలుపుకొనడం వేరొక ఏర్పాటు. దీన్‌దయాళ్ గాజు పలకలు 2,857 వరకు 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి చేరి భద్రంగా ఉన్నవి. అదే 1980లలో, 90లలో మన ఇండ్లలో ముచ్చటపడి తీయించిన పెండ్లి వీడియో టేపులను చూడవలెనంటే యంత్రం దొరకదు. వాటిని తయారుచేసే చివరి జపాను కంపెనీ 2016లో పని ఆపివేసినది. ఆ కాలపు రంగుల పటాలు వెలిసిపోతున్నవి, వాటికంటె పాతవైన నలుపు తెలుపు పటాలు నిలిచి ఉన్నవి. వేలకొలది పటాలలో ఒక ఏబదింటినైనా కాగితం మీద అచ్చు వేయించి, వెనుక మెత్తని పెన్సిలుతో పేర్లు, వరుసలు, ఊరు, తేదీ వ్రాసి ఉంచవలె. సిరా అయితే కాలక్రమాన ఇవతలి ముఖాలలోకి ఊరుతుంది.