పాత పికప్‌లు: కార్బ్యురేటర్ నుంచి ఇంజెక్షన్ దాకా

అమెరికాలో 1980ల మధ్య దాకా పికప్ ట్రక్కుల పెట్రోలు ఇంజిన్లకు ఇంధనం అందించే పని ప్రధానంగా కార్బ్యురేటర్‌దే. వెంచురీ అనే ఇరుకు గొంతులోంచి గాలి వేగంగా సాగినప్పుడు అక్కడ పీడనం తగ్గి, ఫ్లోట్ బౌల్ అనే చిన్న తొట్టిలోని పెట్రోలు జెట్ అనే సన్నని రంధ్రం గుండా పైకి లేచి గాలిలో కలుస్తుంది. కంప్యూటర్ లేని ఈ పరికరాన్ని పొలం దగ్గరే స్క్రూడ్రైవర్‌తో సర్దుకోగలగడం రైతులకు నిజంగా పెద్ద వెసులుబాటు. కానీ ఎత్తైన కొండదారుల్లో గాలి పలచబడినా జెట్ కొలత మారదు కనుక, అక్కడ పెట్రోలు పాలు ఎక్కువై ఇంజిన్ నల్లపొగ కక్కేది.

1970 నాటి స్వచ్ఛ వాయు చట్టం పొగపై కఠిన పరిమితులు విధించింది. తర్వాత వచ్చిన, పొగలోని హానికర వాయువులను తగ్గించే త్రీ-వే కెటలిటిక్ కన్వర్టర్ సరిగా పనిచేయాలంటే బరువులో 14.7 పాళ్ల గాలికి ఒక పాలు పెట్రోలు చొప్పున మిశ్రమం నిలకడగా ఉండాలి. పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్ చెప్పినదాన్నిబట్టి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్‌ను కంప్యూటర్ తెరిచి మూయడంతో అది సాధ్యపడింది. షెవ్రొలే 1987లో తన పికప్‌ల 5.7 లీటర్ల వి-8కు, కార్బ్యురేటర్ ఉండే చోటే రెండు ఇంజెక్టర్లను అమర్చే థ్రాటిల్ బాడీ పద్ధతిని తెచ్చింది.

పాత బండిని ఇంజెక్షన్‌కు మార్చేవారు ఎక్కువగా పొరబడేది పంపు విషయంలోనే. కార్బ్యురేటర్‌కు చదరపు అంగుళానికి సుమారు 6 పౌండ్ల పీడనం చాలు. నేడు దొరికే చాలా ఇంజెక్షన్ కిట్లకు 40 పౌండ్లకు పైగా కావాలి కనుక, విద్యుత్ పంపుతోపాటు ఆ ఒత్తిడిని తట్టుకునే గొట్టాలూ తప్పనిసరి.