ఫోకస్ పడింది, ఫొటో పడలేదు

1990లలో కేనన్ కెమెరాల కోసం సిగ్మా కంపెనీ చేసిన ఆటోఫోకస్ లెన్సుల్లో చాలావాటికి ఒక వింత జబ్బు ఉంది. 2003లో వచ్చిన కేనన్ ఈఓఎస్ 300డీ లాంటి డిజిటల్ బాడీ మీద బిగిస్తే లెన్సు చక్కగా కూర్చుంటుంది. బటన్ సగం నొక్కితే మోటారు తిరుగుతుంది, ఫోకస్ పడుతుంది, పడిందని బీప్ కూడా వినిపిస్తుంది. పూర్తిగా నొక్కితే మాత్రం కెమెరా బిగుసుకుపోతుంది. తెర మీద ‘ఎర్ 99’ అని కనబడుతుంది. బ్యాటరీ తీసి మళ్లీ పెడితే తప్ప కదలదు.

అదే లెన్సు పాత ఫిల్మ్ ఈఓఎస్ మీద ఏ పేచీ లేకుండా రీలంతా లాగిస్తుంది. డిజిటల్‌కి మారేటప్పుడు బాడీ ఒక్కటి కొత్తది కొని, ఉన్న లెన్సులతోనే నెట్టుకొద్దామనుకున్న ఫొటోగ్రాఫర్లకు ఇది పెద్ద దెబ్బ. ‘ఆటోఫోకస్ కంపాటిబిలిటీ ప్రాబ్లం’ అని కొందరు, ‘ఈ లెన్సు డిజిటల్‌కి పనికిరాదు’ అని కొందరు తీర్పు చెప్పేశారు. ఆధారాలు ఒక్కొక్కటిగా పరిశీలిస్తే ఈ రెండు తీర్పులూ నిలబడవు.

ముందు కెమెరా ఏం చెబుతోందో చూద్దాం. ఆ కాలపు కేనన్ మాన్యువళ్లలో ఎర్ 99 అంటే ‘పై జాబితాలో లేని ఇతర లోపం’. పేరు పెట్టలేని ప్రతి జబ్బునూ పడేసే డబ్బా అది. కేనన్‌వి కాని లెన్సులు వాడినా ఈ సందేశం రావచ్చని అక్కడే ఒక ముక్క జోడించారు. వేలు లెన్సు వైపు చూపించారు గాని, కారణం చెప్పలేదు.

అందరూ మొదట అనుమానించింది కాంటాక్టులను. అందుకు న్యాయమైన కారణమే ఉంది. 1987 మార్చిలో ఈఓఎస్ 650తో కేనన్ తన పాత ఎఫ్‌డీ మౌంట్‌ను, అంటే లెన్సు బిగించే ఏర్పాటును, వదిలేసి ఈఎఫ్ మౌంట్ తెచ్చింది. 54 మిల్లీమీటర్ల వ్యాసమున్న ఆ మౌంట్‌లో బాడీకీ లెన్సుకీ మధ్య మీటలు, కడ్డీలు ఏవీ లేవు. ఫోకస్ తిప్పే మోటారూ, అపర్చర్ రేకుల్ని మూసే మోటారూ రెండూ లెన్సులోనే ఉంటాయి. పనులన్నీ వరుసగా అమర్చిన చిన్న లోహపు కాంటాక్టుల గుండానే జరగాలి. వాటిలో ఒకటి కెమెరా మాటను లెన్సుకు చేరవేస్తుంది, ఒకటి లెన్సు జవాబును వెనక్కి తెస్తుంది, మూడోది ఇద్దరికీ లయ తప్పకుండా క్లాకు కొడుతుంది. మోటార్లకు కరెంటు వేరే దారిలో వెళుతుంది.

అందుకే ఎర్ 99 వచ్చిన ప్రతివాడూ రబ్బరు ముక్కో, స్పిరిట్‌లో తడిపిన గుడ్డో పట్టుకుని ఆ కాంటాక్టుల్ని రుద్దాడు. ఫలితం లేదు. ఉండదు కూడా. ఫోకస్ ఆదేశాలు వెళ్లేదీ ఆ కాంటాక్టుల గుండానే. అవి మురికిపట్టి మాట వినబడకపోతే ఫోకస్ కూడా తడబడాలి కదా. ఇక్కడ ఫోకస్ నిక్షేపంలా ఉంది. కాంటాక్టులు నిర్దోషులు.

అసలు ఆధారం డయల్ తిప్పినప్పుడు దొరికింది. అపర్చర్‌ను పూర్తిగా తెరిచి, అంటే ఎఫ్/2.8 లెన్సును ఎఫ్/2.8 దగ్గరే ఉంచి నొక్కితే ఫొటో పడింది. మళ్లీ నొక్కితే మళ్లీ పడింది. ఒక్క మెట్టు దించి ఎఫ్/4 పెడితే ఎర్ 99.

ఈ తేడా ఎందుకో తెలియాలంటే బటన్ నొక్కిన ఆ లిప్తపాటులో ఏం జరుగుతుందో చూడాలి. మనం ఎఫ్/8 అని పెట్టినంత మాత్రాన రేకులు ఎఫ్/8కి వెంటనే మూసుకోవు. వ్యూఫైండర్‌లో వెలుగుండాలి, ఫోకస్ సెన్సర్‌కీ వెలుగు కావాలి. కాబట్టి చివరి క్షణం దాకా లెన్సు పూర్తిగా తెరుచుకునే ఉంటుంది. బటన్ పూర్తిగా నొక్కాక అద్దం పైకి లేస్తుంది, రేకులు ఎఫ్/8కి మూసుకుంటాయి, షటర్ తెరుచుకుని మూసుకుంటుంది, రేకులు మళ్లీ విచ్చుకుంటాయి, అద్దం కిందికి దిగుతుంది. ఎఫ్/2.8 దగ్గరే తీస్తే రేకులకు పనే లేదు. తప్పు ఎక్కడుందో దీంతో తేలిపోయింది: ‘రేకులు ఇంతకు మూయి’ అనే ఒక్క ఆదేశం దగ్గర.

దీన్ని రుజువు చేసుకునే దారి కెమెరా మీదే ఉంది. మౌంట్ పక్కన డెప్త్ ఆఫ్ ఫీల్డ్ ప్రివ్యూ అని ఒక బుల్లి బటన్ ఉంటుంది. అది నొక్కితే ఫొటో తీయకుండానే రేకులు మూసుకుంటాయి. అనుమానమున్న సిగ్మా లెన్సు పెట్టి ఎఫ్/8 దగ్గర దాన్ని నొక్కితే అక్కడా ఎర్రరే. షటర్ కదలలేదు, సెన్సర్ మేలుకోలేదు, అయినా కెమెరా బిగుసుకుంది. షటర్, సెన్సర్, ఆటోఫోకస్ మూడూ కేసు నుంచి బయటపడ్డాయి.

అయితే ఇంకొక అనుమానితుడు మిగిలాడు. అపర్చర్ మోటారుకు వెళ్లే ఫ్లెక్స్ కేబుల్, అంటే కాగితంలా పల్చటి రిబ్బన్ తీగ, తెగినా లక్షణాలు అచ్చం ఇలాగే ఉంటాయి. కేనన్ సొంత లెన్సు ఈఎఫ్-ఎస్ 17-85కి ఈ జబ్బు పేరు మోసింది. జూమ్ చేసినప్పుడల్లా వంగి వంగి కేబుల్ తెగుతుంది. పూర్తిగా తెరిచి తీస్తే ఫొటో వస్తుంది, మూస్తే ఎర్రర్ వస్తుంది. మరి సిగ్మా లెన్సులన్నింట్లోనూ తెగింది కేబులేనా? లెన్సును పాత ఫిల్మ్ బాడీకి తగిలించి ఎఫ్/8 పెడితే జవాబు దొరుకుతుంది. తెగిన తీగ ఏ బాడీ మీదైనా తెగిన తీగే. సిగ్మా లెన్సు మాత్రం అక్కడ సలక్షణంగా రేకులు మూస్తుంది. దాని ఒంట్లో రోగం లేదు.

అయితే తప్పు డిజిటల్‌దా? అదీ కాదు. 2000 ప్రాంతంలో వచ్చిన కొన్ని ఫిల్మ్ బాడీల మీద కూడా ఈ పాత లెన్సులు ఇలాగే మొరాయించాయి. ఫిల్మా సెన్సరా అన్నది విషయం కాదు, బాడీ ఏ తరానిదన్నదే లెక్క.

ఇక్కడికొచ్చేసరికి చాలామంది ‘కేనన్ మధ్యలో భాష మార్చేసింది, పోటీ కంపెనీల్ని దెబ్బతీయడానికే’ అంటారు. దీనికి ఎదురుసాక్ష్యం కేనన్ అల్మారాలోనే ఉంది. 1987లో ఈఓఎస్ 650తో పాటు పుట్టిన ఈఎఫ్ లెన్సు 2016 నాటి ఈఓఎస్ 5డీ మార్క్ 4 మీద ఫోకస్ పట్టి, రేకులు మూసి, హాయిగా ఫొటో తీస్తుంది. ఆ లెన్సుకు ఎవరూ కొత్త పాఠం చెప్పలేదు. 1987 నాటి లెన్సుకు అర్థమయ్యే ఆదేశం 1990ల సిగ్మా లెన్సుకు అర్థం కావడం లేదంటే ఆ ఆదేశం కొత్తది కాదు. మొదటి రోజు నుంచీ కేనన్ లెన్సులకు తెలిసినదే. అయితే తొలితరం బాడీలకు దాన్ని వాడే అవసరం రాలేదు, అంతే.

చిక్కుముడి ఇక్కడ వీడుతుంది. ఈఎఫ్ మౌంట్ భాషను కేనన్ బయటివాళ్లకు చెప్పలేదు. ఐజులో కర్మాగారమున్న సిగ్మా ఆ రోజుల్లో కేనన్ బాడీకీ లెన్సుకీ మధ్య నడిచే సంకేతాల్ని పట్టుకుని, ఏ ఆదేశానికి ఏ జవాబు వస్తోందో చూసుకుని, అదే తీరులో బదులిచ్చే చిప్ చేసుకుంది. పక్కింటివాళ్ల మాటలు గోడ ఇవతల నుంచి విని వాళ్ల భాష నేర్చుకున్నవాడికి వాళ్లు ఆనాటి వరకూ అన్న మాటలే వస్తాయి. ఇంట్లో అందరికీ తెలిసి ఉండీ ఎవరూ పైకి అనని మాట వాడికి ఎన్నటికీ రాదు. కొత్త బాడీ అపర్చర్ మూయమని ఆ వినని మాటతో అడిగింది. సిగ్మా చిప్‌కి దిక్కుతోచలేదు. పని అయిందన్న జవాబు కోసం చూసి చూసి కెమెరా ఎర్ 99 అని చేతులెత్తేసింది.

దీన్ని బలపరిచే సాక్ష్యాలు ఇంకా ఉన్నాయి. సిగ్మా చాలా లెన్సులకు రీచిప్పింగ్ చేసిచ్చింది. గాజులు అవే, మోటార్లు అవే, మారింది చిప్ ఒక్కటే, జబ్బు నయమైంది. చిప్‌లు అయిపోయాక మరీ పాత మోడళ్లకు ఆ సేవ ఆగిపోయింది. తర్వాత కొందరు ఔత్సాహికులు లెన్సు విప్పి, బియ్యపు గింజంత మైక్రోకంట్రోలర్‌ను తీగల మధ్య ఇరికించారు. కెమెరా నుంచి వచ్చే ఆ ఒక్క ఆదేశాన్ని పట్టుకుని పాత ఆదేశంగా మార్చి లోపలికి పంపడమే దాని పని. రేకులు బుద్ధిగా మూసుకున్నాయి.

అనుకరణ ఎంత దూరం వెళ్లిందో లెన్సు నంబర్లు చెబుతాయి. ప్రతి ఈఎఫ్ లెన్సూ కెమెరాకు తన నంబరు చెప్పుకుంటుంది. బయటి కంపెనీలకు కేనన్ నంబర్లు ఇవ్వలేదు కనుక అవి కేనన్ లెన్సుల నంబర్లనే అరువు తెచ్చుకున్నాయి. ఒకే నంబరు వెనక నాలుగైదు లెన్సులు దాక్కోవడంతో ఫొటో ఫైలు చూసి లెన్సు పేరు చెప్పే సాఫ్ట్‌వేర్లు తరచూ బోల్తా పడతాయి. 2008లో ఈఓఎస్ 50డీ నుంచి కెమెరాయే లెన్సు అంచుల చీకటిని సవరించడం మొదలెట్టాక అరువు నంబరు వల్ల ఒక లెన్సు మందు ఇంకో లెన్సుకు పడే ప్రమాదమూ వచ్చింది.

ఇది ఒక్క కేనన్ గొడవే కాదు. 2013లో నికాన్ డీ5300 వచ్చినప్పుడు ఆటోఫోకస్, వణుకు తగ్గించే వ్యవస్థ సరిగా పనిచేయని కొన్ని సిగ్మా లెన్సులకు కంపెనీ కొత్త ఫర్మ్‌వేర్ ఇవ్వాల్సి వచ్చింది. కథ అదే. తేడా ఏమిటంటే, అప్పటికి చిప్ మార్చాల్సిన అవసరం తప్పింది. ఆ ఏడాదే సిగ్మా యూఎస్‌బీ డాక్ అమ్మకానికి తెచ్చింది. దాంతో పనిచేసే కొత్త లెన్సులకు యజమానే ఇంట్లో కూర్చుని కొత్త మాటలు నేర్పుకోవచ్చు. మరో లెన్సు కంపెనీ టామ్రాన్ కూడా 2016లో అదే పనికి టాప్-ఇన్ కన్సోల్ తెచ్చింది.

గోడ ఇవతల నుంచి వినే బాధ పోయేది ఇంటివాడే పిలిచి చెప్పినప్పుడు. సోనీ 2011లో ఈ-మౌంట్ ప్రాథమిక వివరాలను ఇతర లెన్సు తయారీదారులకు ఇచ్చింది. కేనన్ తన కొత్త ఆర్ఎఫ్ మౌంట్‌కు సిగ్మా, టామ్రాన్‌లకు లైసెన్సు ఇచ్చిన సంగతి 2024లో బయటికొచ్చింది. లైసెన్సు ఉన్న లెన్సుకు వెనక ఒక ఒప్పందం ఉంటుంది. పాత లెన్సుకు అలాంటిదేమీ లేదు. అది ఇన్నాళ్లూ పనిచేసిందంటే కేనన్ మాట ఇచ్చి కాదు, సిగ్మా ఇంజనీర్లు బాగా విన్నందుకు.

ఆ పాత లెన్సులు సెకండ్ హ్యాండ్‌లో ఇంకా చవగ్గా దొరుకుతాయి. దుకాణంలో అమ్మేవాడు కెమెరాకు తగిలించి, బటన్ సగం నొక్కి, ‘చూశారుగా, ఫోకస్ పడుతోంది’ అంటాడు. ఆ మాట నిజమే, సరిపోదు. డయల్ ఎఫ్/8కి తిప్పి పూర్తిగా నొక్కమనండి. ఫొటో పడితే ఫిల్మ్ బాడీ మీద కాదు, మీ బాడీ మీదే పడిందో లేదో చూసుకుని డబ్బులివ్వండి.